ఇంగ్లీష్ 1301 తొలి వ్యాసం: ‘నీ వాదన ఎక్కడ?’ అన్న వ్యాఖ్యకు ఏం చేయాలి?

కృష్ణాతీరం · సెప్టెంబరు 20, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలో ఇంటర్మీడియట్ ఎం.పి.సి. పూర్తిచేసి, ఈ ఆగస్టులో డాలస్ దగ్గరి ఒక కళాశాలలో కంప్యూటర్ సైన్సు బి.ఎస్. మొదటి సంవత్సరంలో చేరాను. ఇక్కడ ఏ శాఖవారైనా తప్పనిసరిగా చదవవలసిన ఇంగ్లీష్ 1301 కంపోజిషన్ కోర్సులో మొదటి వ్యాసానికి నాకు ‘సి’ వచ్చింది. మార్కు కన్నా దాని పక్కనున్న వ్యాఖ్యలే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నాయి. వ్యాకరణం బాగుందని రాసిన ప్రొఫెసర్‌గారే మొదటి పేరా పక్కన ‘నీ వాదన ఎక్కడ?’ అని, మూడో పేరా పక్కన ‘అయితే ఏమిటి?’ అని, ముగింపు దగ్గర ‘ఇది ముందే చెప్పావు’ అని రాశారు.

నేను తీసుకున్న అంశం ప్రజా రవాణా. మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్‌కు దగ్గరి ఆర్లింగ్టన్ నగరంలో ఉంటాడు. కారు లేని నాలాంటివాళ్ళు వారాంతంలో అక్కడికి చేరడం ఎంత కష్టమో చూశాక ఈ అంశం తోచింది. ప్రజా రవాణా అంటే ఏమిటి, అది ఎలా మొదలైంది, దాని వల్ల కాలుష్యం, ఖర్చు, ప్రమాదాలు ఎలా తగ్గుతాయి అన్నవి వరుసగా వివరించి, కాబట్టి అందరూ ప్రజా రవాణాను ప్రోత్సహించాలని ముగించాను. ఇంటర్‌లో ఇలా రాస్తే మంచి మార్కులే వచ్చేవి. వ్యాసాన్ని తిరిగి రాసి ఇచ్చే అవకాశం ఉంది. వచ్చే గురువారం తరగతిలో పీర్ రివ్యూ, అంటే ఒకరి వ్యాసం మరొకరు చదివి అభిప్రాయం చెప్పడం, కూడా ఉంది. ఈ కోర్సులో వ్యాసం నుంచి అసలు ఏమి ఆశిస్తారో తెలిసినవారు వివరించగలరా?

గోదారిగట్టు · సెప్టెంబరు 20, రాత్రి 10.25

నేను ఎం.ఎస్. కోసం ఈ దేశం వచ్చినవాడిని కనుక ఈ కోర్సు చదవవలసిన అవసరం రాలేదు గాని, మా అమ్మాయి హైస్కూల్లో ఉండగానే డ్యుయల్ క్రెడిట్ (హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ చెల్లే చదువు) కింద దీన్ని పూర్తిచేసింది. ఆమె పాటించిన సూత్రం ఒక్కటే: ఒక పేరా పరిచయం, మూడు పేరాల్లో మూడు కారణాలు, ఒక పేరా ముగింపు. ఆ చట్రంలో ఏ అంశాన్ని కూర్చినా ‘బి’కి తక్కువ రాలేదు. మీరూ అదే చేసి, మిగిలిన సమయాన్ని ప్రోగ్రామింగ్ మీద పెట్టండి. కంప్యూటర్లు చదవడానికి వచ్చిన పిల్లల చేత ఒక సెమిస్టరంతా వ్యాసాలు రాయించడంలో ఫీజు రాబట్టుకోవడం తప్ప మరో పరమార్థం నాకు ఈనాటికీ కనిపించలేదు.

పాఠాలపంతులు · సెప్టెంబరు 21, ఉదయం 8.05

నేను ఈ కోర్సును ఒక కమ్యూనిటీ కాలేజీలో చాలాకాలంగా బోధిస్తున్నాను కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

గోదారిగట్టు గారి ఫిర్యాదు ఈ కోర్సు పుట్టిననాటి నుంచీ ఉన్నదే. హార్వర్డ్ కళాశాల 1874లో ప్రవేశ పరీక్షలో ఆంగ్ల వ్యాసరచనను తప్పనిసరి చేసింది. పేరున్న బడుల నుంచి వచ్చిన పిల్లలు కూడా అందులో తడబడడం చూసి, 1885లో ఆడమ్స్ షెర్మన్ హిల్ పర్యవేక్షణలో ‘ఇంగ్లీష్ ఎ’ అనే పాఠ్యాంశాన్ని మొదటి సంవత్సరం వారికి నిర్బంధం చేసింది. మిగతా కళాశాలలు క్రమంగా ఆ దారి పట్టాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లలు చాలామంది దీన్ని విదేశీయుల ఇంగ్లీషును బాగుచేసే తరగతి అనుకుని వ్యాకరణం ఒక్కటీ సరిచూసుకుని వస్తారు. ఇది మొదటి నుంచీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లల కోసం పెట్టిన కోర్సు. ఇక టెక్సస్‌లో ప్రభుత్వ కళాశాలలన్నిటికీ ఉన్న 42 క్రెడిట్ల కోర్ కరికులంలో, అంటే అన్ని శాఖలవారూ చదవవలసిన ఉమ్మడి పాఠ్యాంశాల్లో, 6 క్రెడిట్లు కమ్యూనికేషన్‌కు కేటాయించినవి. వాటిలోకి 1301 వస్తుంది. ఒకచోట చదివినది రాష్ట్రంలోని మరో ప్రభుత్వ కళాశాలలోనూ చెల్లుతుంది కనుక ఫీజు వృథా అనడం అంత న్యాయం కాదు.

ఇప్పుడు మీ వ్యాసం సంగతి చూద్దాం, కృష్ణాతీరం. మీరు ఒక అంశం గురించి మీకు తెలిసినదంతా క్రమంగా అప్పజెప్పారు. ఈ కోర్సులో అడిగేది అది కాదు. ఒక ప్రశ్న తీసుకుని, దానికి మీ జవాబు చెప్పి, ఆ జవాబును అనుమానించే పాఠకుణ్ణి ఒప్పించమంటారు. ఆ జవాబు ఉన్న వాక్యాన్నే మా తరగతుల్లో థీసిస్ అంటాం. ఒక వాక్యం థీసిస్ అవునో కాదో తేల్చడానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. తెలివీ సదుద్దేశమూ ఉన్న మనిషి ఎవరైనా దీన్ని కాదనగలడా? ‘ప్రజా రవాణా వల్ల కాలుష్యం తగ్గుతుంది’ అంటే కాదనేవారు అరుదు. కాదనేవారు లేనప్పుడు నిరూపించే పని ఉండదు. నిరూపించే పని లేనప్పుడు ఎన్ని పేరాలు రాసినా అవి సమాచారంగానే మిగులుతాయి. ‘అయితే ఏమిటి?’ అన్న వ్యాఖ్యకు కారణం ఇదే. ముగింపులో ‘ముందే చెప్పావు’ అన్నదానికీ మూలం ఇక్కడే ఉంది: వాదన ఎక్కడికీ కదలనప్పుడు చివరి పేరాకు మొదటి పేరానే మళ్ళీ చెప్పడం తప్ప వేరే గతి ఉండదు.

మీ దగ్గర మంచి సరుకు ఉండి కూడా దాన్ని వ్యాసంలోకి రానివ్వలేదు. ఆర్లింగ్టన్ జనాభా 2020 జనగణన ప్రకారం 3 లక్షల 94 వేలు. అంత ఊరిలో మామూలు రూట్ బస్సులు లేవు. అది ఎందుకు అలా ఉందన్న ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి.

పల్నాటి_మాస్టారు · సెప్టెంబరు 21, మధ్యాహ్నం 2.30

అమ్మాయో అబ్బాయో తెలియదు కనుక ‘కృష్ణాతీరం గారూ’ అనే సంబోధిస్తాను. నేను ఇక్కడ ఆంధ్రలో డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఇంటర్ జవాబుపత్రాలు దిద్దిన అనుభవం ఉంది. మా మూల్యాంకన పద్ధతిని గురించి ఒక మాట చెబితే మీ ఇబ్బంది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. దిద్దేవారి ముందు కట్టలకు కట్టలు ఉంటాయి. ఏ ప్రశ్నకు ఏ అంశాలు ఉండాలో ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ అంశాలు కంటికి కనిపిస్తే మార్కు వేయడమే దిద్దేవారి పని. అందుకే మా విద్యార్థులు ఉపశీర్షికలు పెట్టి, గీతలు గీసి, గైడులోని వాక్యాలను ఉన్నవి ఉన్నట్లుగా అందిస్తారు. అది వారి లోపం కాదు, ఆ పరీక్షకు అదే సరైన విద్య. కానీ ఆ పత్రాన్ని చదివేవాడు ఒప్పుకోవడానికి గాని కాదనడానికి గాని కూర్చోలేదు, లెక్క చూసుకోవడానికి కూర్చున్నాడు. మీ ప్రస్తుత పాఠకుడు అలాంటివాడు కాడు.

అయితే వాదించి రాయడం మనకు తెలియని విద్య అని మాత్రం అనుకోకండి. మన తర్కశాస్త్రం ఎదుటివాణ్ణి ఒప్పించే వాక్యానికి ఐదు అవయవాలు చెప్పింది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది అన్నది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తున్నది కనుక అన్నది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూడలేదా అన్నది ఉదాహరణ. ఈ కొండ మీదిదీ అలాంటి పొగే అన్నది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పున్నది అన్నది నిగమనం. పంతులుగారు చెప్పిన థీసిస్ ఈ ప్రతిజ్ఞే. మీ మొదటి వ్యాసంలో ఉదాహరణలు కుప్పలుగా ఉన్నాయి గాని, అవి ఏ ప్రతిజ్ఞకు ఉదాహరణలో చెప్పలేదు. మరొక సంగతి ఏమిటంటే, మన శాస్త్రకారులు తమ సిద్ధాంతం చెప్పే ముందు పూర్వపక్షాన్ని, ఎదుటివాడు కూడా ‘నా మాట నాకన్నా బాగా చెప్పావు’ అనేటంత బలంగా ప్రతిపాదించేవారు. బలహీనమైన పూర్వపక్షాన్ని ఓడించినవాడికి సభలో గౌరవం ఉండేది కాదు.

గోదారిగట్టు · సెప్టెంబరు 21, రాత్రి 8.15

మాస్టారూ, చివరికి మీరూ ఐదు అవయవాల దగ్గరికే వచ్చారు. నేను చెప్పిన ఐదు పేరాలూ అవే కదా!

పాఠాలపంతులు · సెప్టెంబరు 21, రాత్రి 9.50

చమత్కారం బాగుంది గాని, రెండింటికీ పొత్తు కుదరదండీ. మాస్టారు చెప్పిన ఐదింటిలో ప్రతి ఒక్కటీ దాని ముందున్నదాని మీద ఆధారపడి ఉంటుంది. హేతువును తీసేస్తే ఉదాహరణ నిలవదు. ఐదు పేరాల నమూనాలో మధ్యనున్న మూడు కారణాలను ఎలా తారుమారు చేసినా తేడా ఉండదు. దాని బలహీనత అదే. మీ వ్యాసంలో రెండో పేరాను నాలుగో చోటికి మార్చినా చదివేవారికి ఏమీ తెలియలేదంటే ఆ వ్యాసంలో నడక లేదన్నమాట. హైస్కూలు పరీక్షల్లో, నిర్ణీత వ్యవధిలో రాయవలసి వచ్చినప్పుడు ఆ చట్రం ఆదుకుంటుంది. అందుకే అది అన్నిచోట్లా పాతుకుపోయింది. కాలేజీలో దానితో ‘బి’ కూడా రావచ్చు. కానీ కృష్ణాతీరం అడిగింది ఆ వ్యాఖ్యల అర్థం ఏమిటని.

మాస్టారు ఉదాహరణలో మరో విశేషం ఉంది. పొగకూ నిప్పుకూ ఉన్న విడదీయరాని సంబంధాన్ని తార్కికులు వ్యాప్తి అంటారు. స్టీఫెన్ టూల్మిన్ అనే తత్త్వవేత్త 1958లో వాదన నిర్మాణాన్ని విశ్లేషిస్తూ దాదాపు ఈ చోటనే వేలు పెట్టాడు. సాక్ష్యం నుంచి నిర్ణయానికి మనల్ని దాటించే నమ్మకం ఒకటి ఉంటుందని, దాన్ని రచయిత సాధారణంగా బయటికి చెప్పడని అన్నాడు. ఇప్పటి కంపోజిషన్ తరగతులు చాలావాటిలో దాన్ని ‘వారంట్’ పేరుతో చెబుతారు. విద్యార్థుల వ్యాసాలు ఎక్కువగా కూలేది అక్కడే. ‘ఆర్లింగ్టన్‌లో రూట్ బస్సులు లేవు, కాబట్టి విద్యార్థులు కష్టపడుతున్నారు’ అంటే, బస్సు ఉంటే విద్యార్థులు ఎక్కుతారన్న నమ్మకం చెప్పకుండా దాగి ఉంది. దాన్ని పైకి తీసి, అది నిజమో కాదో పరీక్షించడమే ఒక పేరాకు సరిపడే పని.

కృష్ణాతీరం · సెప్టెంబరు 22, సాయంత్రం 6.20

పంతులుగారికీ మాస్టారుగారికీ కృతజ్ఞతలు. నేను అమ్మాయినేనండీ. మీరు చెప్పిన ప్రశ్నను తీసుకుని ఈరోజు గ్రంథాలయంలో కూర్చున్నాను. నేను అనుకున్నదానికన్నా విషయం చాలా లోతుగా ఉంది. ఆర్లింగ్టన్‌లో 2017 డిసెంబరు నుంచి వయా అనే సంస్థ నడిపే వ్యాన్లు ఉన్నాయి. ఫోనులో కోరితే వచ్చి ఎక్కించుకుంటాయి. మొదట నగరం మధ్య భాగానికే పరిమితమైన ఈ సేవ 2021లో నగరమంతటికీ విస్తరించింది. అవే వ్యాన్లు నగరానికి ఉత్తరాన ఉన్న సెంటర్‌పోర్ట్ రైల్వే స్టేషను దాకా తీసుకువెళ్తాయి. కానీ ఆ స్టేషనులో ఆగే ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ ఆదివారం నడవదు. నా వారాంతపు ప్రయాణాలు ఎందుకు కుదరడం లేదో ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా ప్రతిజ్ఞ ఇది: ‘ఆర్లింగ్టన్ నగరం వ్యాన్లను మానుకుని రూట్ బస్సులను ప్రవేశపెట్టాలి, ఎందుకంటే కారు లేనివారికి నమ్మకమైన సమయపాలన కావాలి.’ కాదనేవారు ఉంటారు కనుక ఇది పరీక్షకు నిలుస్తుందని అనుకుంటున్నాను.

ఓరుగల్లు · సెప్టెంబరు 22, రాత్రి 11.05

చెల్లీ, నేను చరిత్ర విభాగంలో పిహెచ్.డి. చేస్తూ టీచింగ్ అసిస్టెంటుగా పేపర్లు దిద్దుతుంటాను. నీ ప్రతిజ్ఞ మునుపటికన్నా చాలా మెరుగు. అయితే ‘ఇలా చేయాలి’ అనే సలహా వాక్యానికి ముందు ‘ఇప్పుడు ఇలా ఎందుకు ఉంది’ అన్న ప్రశ్న తేలాలి. కారణం తెలియకుండా ఇచ్చిన సలహా ఎంత మంచిదైనా గాలిలోనే ఉంటుంది. నువ్వు డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో చూడు. డాలస్ చుట్టూ ఉన్న నగరాలు ‘డార్ట్’ అనే ప్రాంతీయ ప్రజా రవాణా సంస్థలో సభ్యులుగా చేరితే డాలరు అమ్మకానికి ఒక సెంటు పన్ను దానికి ఇస్తాయి. టెక్సస్‌లో అమ్మకపు పన్ను రాష్ట్రానికి 6.25 శాతం, స్థానిక సంస్థలకు గరిష్ఠంగా 2 శాతం. మొత్తం 8.25 దాటడానికి వీల్లేదు. ఆర్లింగ్టన్ ఓటర్లు ప్రజా రవాణా ప్రతిపాదనలను 2002లోనూ అంతకుముందూ తిరస్కరించారు. 2004లో మాత్రం కౌబాయ్స్ జట్టు స్టేడియం కోసం అర సెంటు పన్నుకు ఒప్పుకున్నారు. 2016లో ఆ అర సెంటును రేంజర్స్ కొత్త బేస్‌బాల్ మైదానానికి కొనసాగించడానికి కూడా ఓటు వేశారు. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే నీకు వేరే వాదన కనిపించవచ్చు.

ఇవన్నీ నేను చెప్పానని రాయకు. నగర ప్రభుత్వ పత్రాలు, ఆనాటి వార్తాపత్రికలు నీ గ్రంథాలయం డేటాబేసుల్లో దొరుకుతాయి. అవి చదివి, ఆ మూలాలనే ఉదహరించు. ఉదహరించే పద్ధతిలో కూడా మన పిల్లలు ఒకేచోట చిక్కుకుంటారు. కొటేషన్ తెచ్చి పేరాలో పడేసి తరువాతి విషయంలోకి వెళ్ళిపోతారు. ఎవరు, ఏ సందర్భంలో అన్నారో ముందు చెప్పు. తరువాత వారి మాట పెట్టు. ఆ మాట నీ వాదనకు ఎలా పనికి వచ్చిందో కనీసం రెండు వాక్యాల్లో నీ సొంతంగా వివరించు. ఆ వివరణే దిద్దేవారు వెతికేది. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మూలంలోని వాక్యంలో నాలుగైదు పదాలు మార్చి మిగతాది అలాగే ఉంచితే, పేరు ఉదహరించినా చాలాచోట్ల దాన్ని గ్రంథచౌర్యంగానే చూస్తారు. గైడులోని వాక్యం కంఠస్థం చేసి రాయడం గౌరవమైన పనిగా ఉన్నచోటి నుంచి వచ్చిన పిల్లలకు ఇది మొదట్లో అన్యాయంగా తోస్తుంది. చదివిన పేజీని మూసివేసి, గుర్తున్నది నీ వాక్యాలలో రాసుకుని, తరువాత తెరిచి సరిచూసుకోవడం అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు. వ్యాసాన్ని ఇతర రచనలతో పోల్చి చూసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ చూపే శాతాన్ని చూసి బెంబేలు పడనక్కరలేదు. అది పోలికను లెక్కపెడుతుంది గాని దొంగతనాన్ని తేల్చదు. సరిగా కొటేషన్ గుర్తుల్లో పెట్టిన వాక్యాలను, చివరనున్న మూలాల జాబితాను కూడా అది లెక్కలో చూపవచ్చు.

గోదారిగట్టు · సెప్టెంబరు 23, ఉదయం 7.30

మీరంతా ఇంత శ్రమ చెబుతున్నారు గాని, ఈ రోజుల్లో చాట్‌జీపీటీని అడిగితే థీసిస్, పూర్వపక్షం, సిద్ధాంతం అన్నీ ఒక నిమిషంలో వస్తాయి కదా. మా ఆఫీసులో మెయిళ్ళన్నీ అదే రాస్తున్నది. రేపు ఉద్యోగంలో చేయబోయేదాన్ని ఈరోజు కాలేజీలో చేయవద్దనడంలో అర్థం ఏమిటి?

నల్లమల · సెప్టెంబరు 23, మధ్యాహ్నం 12.40

నేను ఒక విశ్వవిద్యాలయంలో, విద్యార్థులకు రచనలో సాయం చేసే రైటింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. గోదారిగట్టు గారూ, మీరు రాసే మెయిలులో ఏమి చెప్పాలో మీకు ముందే తెలుసు. యంత్రం దాన్ని సాపు చేస్తుంది. మొదటి సంవత్సరం విద్యార్థికి తాను ఏమి అనుకుంటున్నదో రాస్తే గాని తెలియదు. ఈ అమ్మాయి మూడు రోజుల్లో ‘ప్రజా రవాణా మంచిది’ నుంచి ‘ఆదివారం రైలు ఎందుకు లేదు’ దాకా వచ్చింది. ఆ నడకను మరొకరి చేత చేయించుకుంటే ఆమె చేతికి వచ్చేది కాగితం మాత్రమే. ఇక నియమాల విషయంలో ఒక్కొక్క ప్రొఫెసరు ఒక్కొక్క విధంగా ఉంటారు కనుక సిలబస్‌లో రాసినదే ప్రమాణం. దాన్ని ముందు చదవండి.

కృష్ణాతీరం, ఇంకో జాగ్రత్త చెబుతాను. యంత్రం రాసిందా అని పసిగట్టే డిటెక్టర్లను నమ్మడానికి వీల్లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన సొంత డిటెక్టరును కచ్చితత్వం చాలదని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివారు రాసిన టోఫెల్ వ్యాసాలను అలాంటి డిటెక్టర్ల ముందు పెడితే, అవి సగటున సగానికి మించిన వ్యాసాలను యంత్రం రాసినవిగా పొరబడ్డాయి. కాబట్టి మీరు స్వయంగా రాసినా అనుమానం రావచ్చు. వ్యాసాన్ని గూగుల్ డాక్స్‌లో మొదటి నుంచీ రాసుకుని, దాని వెర్షన్ హిస్టరీని (ఎప్పుడేమి మార్చారో చూపే చరిత్రను), చేతిరాత నోట్సును దాచుకోండి. ఎవరైనా అడిగితే వాటిని చూపవచ్చు.

మా సెంటరుకు వచ్చేవారు ఎక్కువగా ‘గ్రామర్ చూడండి’ అని అడుగుతారు. మేము ముందుగా వారి చేతనే వ్యాసాన్ని పైకి చదివిస్తాం. గొంతు ఎక్కడ తడబడుతుందో సాధారణంగా ఆలోచన కూడా అక్కడే తడబడి ఉంటుంది. ఆ తరువాత ప్రతి పేరా పక్కన ఆ పేరా చేసే పనిని ఒక్క వాక్యంలో రాయమంటాం. అందులో ఏమి ఉందని కాదు, అది ఏమి చేస్తున్నదని అడుగుతాం. ‘ఇది రవాణా చరిత్ర గురించి’ అని రాస్తే ఆ పేరా ఇంకా పనిలోకి దిగలేదు. ‘ఓటర్లు పన్నుకు పూర్తిగా వ్యతిరేకులు కారని చూపుతుంది’ అని రాయగలిగితే అది పనిలో ఉంది. పీర్ రివ్యూలో కూడా ‘బాగుంది’, ‘ఇక్కడ కామా లేదు’ అనే మాటలతో తృప్తి పడకండి. ఎదుటి విద్యార్థిని రెండే అడగండి: నా వాదన ఏమిటో నీ మాటల్లో చెప్పు, నువ్వు ఎక్కడ నమ్మలేదో చూపించు. తోటి పిల్లలకు మొహమాటం ఎక్కువ కనుక ఆ రెండో ప్రశ్న మీరే గట్టిగా అడగాలి.

మీ మొదటి పేరా ‘ప్రాచీన కాలం నుంచీ మానవుడు ప్రయాణిస్తూనే ఉన్నాడు’ తరహాలో మొదలై ఉంటే దాన్ని నిర్మొహమాటంగా కొట్టేయండి. అమెరికన్ పిల్లలూ అలాగే మొదలుపెడతారు, ఇది మన దేశపు జాడ్యం కాదు. 1966లో రాబర్ట్ కప్లాన్ అనే భాషావేత్త ఒక్కో సంస్కృతివారి పేరా ఎలా నడుస్తుందో గీతల్లో గీసి చూపాడు. ఇంగ్లీషువారిది సూటి గీత, ఆసియావారిది సుడి తిరిగే గీత. ఆ బొమ్మలు మరీ స్థూలమైనవని తరువాత చాలామంది తప్పుబట్టారు, నాదీ అదే అభిప్రాయం. మాస్టారుగారు చెప్పిన కొండ, పొగల వాదనలో సుడి ఎక్కడుంది?

పల్నాటి_మాస్టారు · సెప్టెంబరు 23, సాయంత్రం 5.10

నల్లమల గారి చివరి ప్రశ్నకు నా చప్పట్లు. పేరా పక్కన దాని పనిని రాసుకోమన్న పద్ధతిని మా డిగ్రీ విద్యార్థుల చేత తెలుగు వ్యాసాలకు కూడా చేయించి చూస్తాను. మా దగ్గర ఇంటర్నల్ పరీక్షల్లో అంత స్వేచ్ఛ ఉంది.

కృష్ణాతీరం · సెప్టెంబరు 23, రాత్రి 10.55

ఓరుగల్లు అన్నయ్య చెప్పిన తేదీలను గ్రంథాలయంలో సరిచూసుకున్నాక నా ప్రతిజ్ఞ మారింది. సలహా వాక్యాన్ని చివరికి పంపి, కారణాన్ని ముందుకు తెచ్చాను. ఇంగ్లీషులో రాసిన మొదటి పేరాను ఇక్కడి వారి కోసం తెలుగులో చెబుతున్నాను:

‘ఆదివారం ఉదయం డాలస్ నుంచి ఆర్లింగ్టన్‌కు కారు లేకుండా వెళ్ళదలచిన విద్యార్థికి రైలు దొరకదు. ఊరు చేరాక రూట్ బస్సూ దొరకదు. ఆర్లింగ్టన్ ప్రజలకు బస్సులంటే ఆసక్తి లేదన్న మాట తరచుగా వినిపిస్తుంది, వారు ప్రజా రవాణా పన్నును తిరస్కరించిన మాట కూడా నిజమే. కానీ అదే ఓటర్లు 2004లోనూ 2016లోనూ క్రీడా మైదానాల కోసం అర సెంటు పన్నును ఆమోదించారు. ఆర్లింగ్టన్‌లో బస్సులు లేకపోవడానికి ప్రజల అనాసక్తి కన్నా, రాష్ట్రం అనుమతించిన రెండు సెంట్ల స్థానిక పన్నులో బస్సులకు చోటు మిగలకపోవడమే అసలు కారణం.’

తరువాతి పేరాల పనులు కూడా రాసుకున్నాను. రెండోది పన్ను పరిమితి ఎలా పనిచేస్తుందో చూపుతుంది. మూడోది వ్యాన్ల సేవ ఎందుకు చవకైన రాజీ అయిందో చూపుతుంది. నాలుగోది పూర్వపక్షం. అయితే ఆ నాలుగో పేరాలో నా ఎదుటివాడు ఏమంటాడో నాకు గట్టిగా తోచడం లేదు. ‘బస్సులు ఖాళీగా తిరుగుతాయి’ అని రాశాను, అది బలహీనంగా ఉంది.

గోదారిగట్టు · సెప్టెంబరు 24, ఉదయం 6.50

అమ్మా కృష్ణాతీరం, నేను ఉండేది ఆర్లింగ్టన్‌లోనే. ఇంతవరకు ఆ సంగతి చెప్పలేదు గాని, నీ పేరా చదివాక ఊరుకోలేకపోయాను. కౌబాయ్స్ స్టేడియం పన్ను వచ్చింది 2004లో. బస్సు ప్రతిపాదనను ఓటర్లు కాదన్నది 2002లో. అంటే, నువ్వు చోటు ఆక్రమించిందంటున్న స్టేడియం పన్ను పుట్టకముందే మా ఊరివాళ్ళు బస్సులు వద్దన్నారు. మరి నీ ‘అసలు కారణం’ తనకన్నా ముందు జరిగినదానికి కారణం ఎలా అవుతుంది? పైగా నా ఇంటి వీధి మలుపు దాకా వ్యాన్ వస్తుంది. రూట్ బస్సు ఆ వీధిలోకి ఎప్పటికీ రాదు. నడవలేని పెద్దవాళ్ళున్న ఇంటికి ఏది మేలు?

ఓరుగల్లు · సెప్టెంబరు 24, ఉదయం 9.15

ఇంతకన్నా గట్టి పూర్వపక్షం నీకు తరగతిలో దొరకదు, చెల్లీ. ఈ ఫోరంలో వ్యాసరచన దండగ అన్న సభ్యుడి నుంచే వచ్చింది చూశావా.

పాఠాలపంతులు · సెప్టెంబరు 24, మధ్యాహ్నం 1.30

గోదారిగట్టు గారు లేవనెత్తినవి రెండు వేర్వేరు అభ్యంతరాలు. రెండింటినీ ఒకే పేరాలో కలపకమ్మా. వీధి మలుపు దాకా వచ్చే వ్యాన్ సంగతి మూడో పేరాలోకి వెళ్ళాలి. ఆ సేవ ‘చవకైన రాజీ’ మాత్రమే అని నువ్వు అనుకున్నావు, కొందరికి అది బస్సు కన్నా మెరుగైన సేవ అని ఆయన చూపారు. ఆ మాట ఒప్పుకుంటూనే, నిర్ణీత సమయానికి తరగతికో ఉద్యోగానికో చేరవలసినవారి అవసరం వేరని చెప్పవచ్చు.

తేదీల అభ్యంతరం మాత్రం నీ ప్రతిజ్ఞ మీదికే వచ్చింది. దానికి నాలుగో పేరాలో జవాబు చెప్పి తప్పించుకోలేవు, మొదటి పేరానే మార్చాలి. ‘అసలు కారణం’ అన్న మాట తీసేయి. 2002 వరకు ఓటర్ల అయిష్టతే ప్రధాన కారణమని ఒప్పుకుని, 2004 తరువాత పరిస్థితి మారిందని, ఇప్పుడు ఓటర్ల మనసు మారినా పన్నులో చోటు లేకపోవడం అడ్డుపడుతున్నదని వాదించు. వాదన పరిధి తగ్గుతుంది గాని నిలబడుతుంది. దీనికి నీకు మరో సాక్ష్యం కావాలి: ఆ రెండు సెంట్లలో స్టేడియం వాటా పోగా మిగిలిన సెంటున్నర నగరం దేనిదేనికి వాడుతున్నదో నగర బడ్జెట్ పత్రంలో వెతుకు. అందులో బస్సులకు మళ్ళించగలిగిన భాగం ఏదైనా కనిపిస్తే నీ వాదన మళ్ళీ మారవలసి ఉంటుంది. రేపటి పీర్ రివ్యూకు పాత పేరా, కొత్త పేరా రెండూ పట్టుకెళ్ళు.

కృష్ణాతీరం · సెప్టెంబరు 24, సాయంత్రం 7.05

బడ్జెట్ పత్రం దొరికిందండీ. ఈ రాత్రికి అమ్మకపు పన్ను భాగం చదువుతాను. గోదారిగట్టు బాబాయిగారూ, మీ అభ్యంతరాన్ని ‘ఆర్లింగ్టన్ నివాసి ఒకరు’ అని వ్యాసంలో పెట్టుకోవచ్చా? ఇంటర్వ్యూను కూడా మూలంగా చూపవచ్చని మా సిలబస్‌లో ఉంది.

గోదారిగట్టు · సెప్టెంబరు 24, రాత్రి 8.20

పెట్టుకో తల్లీ. కానీ నేను ఒప్పుకున్నానని మాత్రం రాయకు.